అక్కను బ్రెజిల్‌లో వదిలి వచ్చిన రోజు

మెదక్ చర్చి చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు మా గల్లీ మలుపు దగ్గర ఆగుతాయి. ఆదివారాలైతే మా అరుగు మీదే కూర్చొని పులిహోర పొట్లాలు విప్పుకుంటారు. వాళ్ల మాటలు వినపడ్డప్పుడల్లా మా అక్క ఒకటే అనేది. "అందరు మన ఊరు చూడొస్తరు. మనం ఎవరి ఊరు చూస్తిమే?" ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. తప్పు నాది కాబట్టి ఇంకా ఎక్కువ మండేది.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో సాంఘికం చెప్పాను. టేక్మాల్‌లో కొన్నాళ్లు, పాపన్నపేటలో కొన్నాళ్లు, చివర హవేలిఘనపూర్‌లో. గోడకు ప్రపంచ పటం వేలాడదీసి, బెత్తంతో ఖండాలన్నీ తిప్పేదాన్ని. నేను మాత్రం తిరుపతి దాటి పోలేదు. మా అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఆమె కుట్టుమిషను, నా పరీక్ష పేపర్లు, ఆ చప్పుళ్ల మధ్యే ఇద్దరికీ జుట్టు నెరిసింది. "రిటైరైనంక ఎక్కడికంటే అక్కడికి తీస్కపోత" అని ఏటా ఎండాకాలం సెలవుల్లో మాట ఇచ్చేదాన్ని. నేను రిటైరైన ఏడాదే షుగరు ఆమె కళ్లను తినేసింది. మొదట సూదిలోకి దారం పోలేదు, తర్వాత సూదే కనపడలేదు, దసరా నాటికి నేను కూడా కనపడలేదు.

డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. ఆ సంగతి నేను నసుగుతూ చెప్తుంటే అక్క నవ్వింది.

"నువ్వు జన్మల చూడనియన్ని పిల్లగాండ్లకు చెప్పి జీతం తీస్కున్నవ్ గదా. గదే నాకు చెప్పు. ఫీజు లేకుంట."

"ఏ దేశం చెప్పాలె?"

"గా పసుపు బనీన్ల దేశం."

ఎప్పుడో ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు పేపర్లో ఫొటో చూసి పదకొండు బనీన్లు కుట్టింది. పసుపు గుడ్డ, ఆకుపచ్చ కాలరు. దేశం పేరు ఆమెకు ఎన్నడూ గుర్తుండేది కాదు. రంగు గుర్తుంది. అలా మా బ్రెజిల్ యాత్ర మొదలైంది.

నేను ఏ పనైనా బడి పనిలాగే చేస్తాను. పొద్దున ఫోన్‌లో వెతికి, ఆ రోజు చూడాల్సినవి, చేయాల్సినవి ఒక పేజీ నోట్సు రాసుకునేదాన్ని. మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరడం. వెనక వరండాలో రెండు కుర్చీలు. అక్క తల దువ్వుకొని, చెప్పులు వేసుకొని, సంచీ ఒళ్లో పెట్టుకొని కూర్చునేది.

"కుర్చీల కూసునే దానికి చెప్పులెందుకే?" అన్నాను మొదటి రోజు.

"గంత దూరం ఉత్త కాళ్లతోని పోతరా?" అంది, నాకే తెలివి లేనట్టు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అమ్మ పద్ధతి పాటించాలంది. చిన్నప్పుడు ఏడుపాయల జాతరకో, పోచారం అడవి దిక్కుకో పోయి వస్తే, అమ్మ మమ్మల్ని గడప బయటే ఆపేది. కాళ్ల మీద నీళ్లు పోసి, ఒక్కొక్కరినీ పిలిచి "వచ్చినవా?" అని అడిగేది. "వచ్చిన" అని గట్టిగా అనాలి. అనకుండా లోపలికి వస్తే ఒళ్లు వస్తుంది గానీ మనిషి ఆ నీళ్ల కాడనే, ఆ చెట్ల కాడనే తిరుగుతుంటదని ఆమె నమ్మకం. సాంఘికం టీచరుగా నేను వీటిని నమ్మకూడదు. అయినా రోజూ సాయంత్రం బకెట్‌తో నీళ్లు తెచ్చి అక్క పాదాల మీద పోసి, "అక్కా, వచ్చినవా?" అనేదాన్ని. "వచ్చిన, వచ్చిన" అంటూ ఆమె గడప దాటేది. మా ఇద్దరికీ అదో ఆటలాగుండేది.

మొదటి వారం రియో నగరం. సముద్రపు ఒడ్డున కొబ్బరి బొండాలు తాగాం. తీగల మీద వేలాడే డబ్బాలో కూర్చొని కొండ నుంచి కొండకు పోయాం. నల్ల చిక్కుళ్లు ఉడకబెట్టి అన్నంలో కలుపుకుంటారని చెప్తే, "మన బొబ్బర్ల తీర్గ" అని తేల్చేసింది. ఆ తర్వాత తెల్లటి ఇసుక దిబ్బలు, వాటి మధ్య వానకు నిండిన నీలి మడుగులు. అక్క నాతో పోట్లాడి మరీ అక్కడ రెండు రోజులు ఎక్కువ ఉంది. నాకు కూడా ఉషారుగానే ఉండేది. నిజం చెప్పాలంటే, బడి మానేశాక నా మాట కోసం అంతగా ఎదురుచూసిన మనిషి ఇంకొకరు లేరు.

జలపాతాల రోజు మొదటిసారి నాకు తేడాగా అనిపించింది. ఇగ్వాసు అని, వందల ధారలు ఒక్కచోట పడే చోటు. నేను మామూలు గొంతుతోనే చెప్తున్నాను. అక్క మాత్రం అరవడం మొదలుపెట్టింది. "ఏందే? ఇనపడుతలేదు! గట్టిగ చెప్పు!" పక్కింటి ఆమె గోడ మీది నుంచి తొంగిచూసి, "ఏమైంది టీచరమ్మా, అక్కాచెల్లెండ్లు కొట్లాడుకుంటున్నరా?" అంది. మా వరండాలో ఆ వేళ చెట్టుమీది పిట్ట కూడా చప్పుడు చేయడం లేదు. అక్క చెంగుతో ముఖం తుడుచుకుంటూ, తుడుచుకుంటూ నవ్వుతోంది.

ముచ్చట పడుతోంది కదా అని ఊరుకున్నాను.

ఆ తర్వాత మేం అమెజాన్‌కు పోయాం. రెండు పెద్ద నదులు కలిసే చోటు ఒకటుంది. ఒకటి నల్లటి నీళ్లది, ఇంకొకటి మట్టి రంగుది. కలిసినా కలవకుండా, మైళ్ల కొద్దీ పక్కపక్కనే పారుతుంటాయి. నా నోట్సులో ఉన్నది అంతే. అక్క కుర్చీకి రెండు పక్కలా చేతులు కిందికి జార్చింది. వేళ్లు విప్పి కాసేపు అలాగే ఉంచింది.

"నల్లయి వెచ్చగున్నయే" అంది. "మట్టి నీళ్లు సల్లగున్నయ్."

ఆ సాయంత్రం అక్క పడుకున్నాక ఫోన్‌లో వెతికాను. నల్ల నది నీళ్లు వెచ్చన. మట్టి నది చల్లన. వాటి వేడి ఒక్కటి కాదు కాబట్టే తొందరగా కలవవని రాసి ఉంది. నేనది అంతకు ముందు చదవలేదు. ఆమెకు చెప్పలేదు. చాలాసేపు ఆ ఫోన్ చేతిలో పట్టుకొని కూర్చున్నాను. ఏ టీవీలోనో విని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మా ఇంట్లో టీవీలో వచ్చేది సీరియళ్లు, వార్తలు.

మరునాడు కాళ్లు కడిగినప్పుడు గడప ముందర రాళ్ల మీద నల్లటి ఒండ్రు మిగిలింది. మెత్తగా, కాటుకలాగా. వానాకాలంలో మా నల్లా నీళ్లు మురికిగానే వస్తాయి. కానీ ఆ మురికి ఎర్రగా ఉంటుంది. చీపురుతో ఊడ్చేసి, అక్కకు చెప్పలేదు. ఇక ఈ ఆట చాలించాలని ఆ క్షణాన నాకు గట్టిగా అనిపించింది. అయినా ఆపలేదు. మధ్యాహ్నం అవుతుంటే ఆమె ముఖంలో వచ్చే వెలుగు చూసి ఎట్లా ఆపను?

ఆ మరుసటి రోజు మేం పోయింది మునిగిన అడవికి. ఏటా వరద వచ్చినప్పుడు అక్కడ చెట్లు సగం దాకా నీళ్లలో నిలబడి ఉంటాయట. పడవలో కొమ్మల మధ్య నుంచి పోవాలి. మోటారు ఆపేస్తారు. మాటలు కూడా మెల్లగా మాట్లాడుకుంటారు. అక్క నా మణికట్టు పట్టుకొని, తల కొంచెం వంచి కూర్చుంది. అప్పుడే నా ఫోన్ మోగింది.

పెన్షన్ దఫ్తరు నుంచి. నేను బతికే ఉన్నానని ఏటా ఇచ్చే కాగితం ఆ ఏడు నమోదు కాలేదట. ఇచ్చానని చెప్పాను. లేదన్నారు. ఈ రోజే ఆఖరు, వెంటనే రమ్మన్నారు. నాకు కోపం వస్తే ముందూ వెనకా కనపడవు. నేను బతికి ఉన్నానని నేనే పోయి రుజువు చేసుకోవాలా అని గొణుక్కుంటూ లేచాను. అక్క చెయ్యి నా మణికట్టును వదల్లేదు. విడిపించుకున్నాను.

"ఇప్పుడే వస్త, ఉండు" అన్నాను.

"ఏడికి పోతవే? చుట్టు నీళ్లే ఉన్నయి" అంది.

నేను విన్నాను. విని కూడా ఆటో కోసం పరుగెత్తాను.

దఫ్తరులో నా బొటనవేలు మిషను పట్టలేదు. సుద్దముక్కలు అరగదీశాయో, అంట్లు అరగదీశాయో, నాలుగుసార్లు పెట్టినా ఆ వేలు గల మనిషి లేదనే చూపించింది. చివరికి కళ్లు చూపిస్తే నేనే అని ఒప్పుకుంది. ఇంటికి వచ్చేసరికి ఐదయింది. అక్క అదే కుర్చీలో ఉంది, చెప్పులతోనే. ఒక చెయ్యి గాలిలో చాచి ఉంది. నేను దఫ్తరు వాళ్లను తిట్టుకుంటూ చాయ్ పెట్టాను. ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. చాయ్ తాగింది. రెండు రొట్టెలు పెడితే తిన్నది. ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

కాళ్లు కడగలేదని, పిలవలేదని తెల్లారి పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. నోట్లో నురగ ఉండగానే పరుగెత్తి, "అక్కా, వచ్చినవా?" అని అరిచాను. ఆమె తల నా వైపు తిప్పింది.

"మెల్లగ మాట్లాడుండ్రి అమ్మా" అంది.

ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్కరోజు కూడా నన్ను అండీ, గిండీ అనలేదు. గోడ పట్టుకొని నిలబడ్డాను.

దవాఖానకు తీసుకుపోయాను. రక్తంలో ఉప్పు తగ్గిందన్నారు, మెదడులో చిన్న గడ్డ కనపడుతోందన్నారు, మందులు రాశారు. డాక్టరు మంచివాడే. అతను చెప్పింది అంతా నిజమే అయి ఉంటుంది. కానీ అక్క గుమ్మం కింద నుంచి వచ్చేటప్పుడు ప్రతిసారీ తల వంచేది, కొమ్మను తప్పించుకున్నట్టు. మంచం మీద కూర్చుంటే అంచులు రెండూ గట్టిగా పట్టుకునేది. ముద్ద నోటి దాకా తెస్తే పెదవులు మూసుకునేది. "మా చెల్లె రానీయుండ్రి, ఇద్దరం కలిసి తింటం" అనేది. రోజురోజుకూ చెంపలు లోపలికి పోతున్నాయి. మందు వేసుకోవడానికైనా ఏదో ఒకటి తినాలి. నీళ్లు, చారెడు మజ్జిగ, అంతకంటే దిగడం లేదు.

నేను చేసిన తప్పు నేనే దిద్దుకోవాలనుకున్నాను. రెండున్నరకు వరండాలో కూర్చోబెట్టి, చెప్పులు తొడిగి, ఆ అడవి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నీళ్లు, సగం మునిగిన చెట్లు, పడవ. చెప్తూ చెప్తూ పడవను వెనక్కి తిప్పాను. రెండు నదుల దాకా తెచ్చాను. ఊరి రేవు దాకా తెచ్చాను. బకెట్ తెచ్చి కాళ్ల మీద నీళ్లు పోసి, "అక్కా, వచ్చినవా?" అన్నాను.

"చెల్లెను ఇడిచిపెట్టి నేనెట్ల వస్త?" అంది ఆమె.

"నేనే అక్కా. నేనే చెల్లెను."

ఆమె చేతులు చాచింది. నా ముఖం మీద వేళ్లు తిప్పింది. తర్వాత జానతో నా భుజాలు కొలిచింది. ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా, జాకెట్టు కుట్టేటప్పుడు ఎన్ని వందలసార్లు కొలిచిందో అట్లాగే. కొలిచి, చేతులు మర్యాదగా వెనక్కి తీసుకుంది.

"మా చెల్లెది సన్న భుజం అమ్మా" అంది. "మీది గాదు."

నేను లావైనందుకు అంతకు ముందు ఆమె ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. బకెట్‌ను కాలితో తన్నాను. నీళ్లు వరండా అంతా పారాయి. అక్క వెంటనే కాళ్లు పైకి ముడుచుకుంది.

పది రోజులు అట్లాగే ప్రయత్నించాను. పక్కింటామె దిష్టి తీసింది. కేకలేశాను, బతిమాలాను, అమ్మ పేరు మీద ఒట్టు పెట్టాను. పడవ తిప్పిన ప్రతిసారీ అక్క అక్కడే మిగిలిపోయేది. సాయంత్రం చర్చి గంట వినపడితే మాత్రం చెవి అటు పెట్టేది. "గది మా ఇంటి దిక్కు గంట" అని నాకు చెప్పేది. "చెల్లె ఇనాలె. ఇంటే దారి దొరుకుతది. దానికి కండ్లు కనపడయి, పాపం."

ఆ మాట విన్న రోజు నేను వంటింట్లోకి పోయి నేల మీద కూర్చుండిపోయాను. కళ్లు లేనిది ఎవరికో అక్కడ ఆమెకు గుర్తు లేదు. లేకపోతే అక్కడ ఆమెకు అన్నీ కనపడుతున్నాయేమో. అన్నీ కనపడుతుంటే, నీళ్ల మధ్య గుడ్డి చెల్లెలు తప్పిపోయిందని ఒక్కచోట కదలకుండా కూర్చుంది. తిండి మానేసి కూర్చుంది. నేను ఆమెను వెనక్కి రమ్మని పిలుస్తున్న కొద్దీ ఆమె కుర్చీ చేతిని, అంటే అక్కడి కొమ్మను, ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. నన్ను వదిలేసి వస్తుందా ఆమె? జన్మలో రాదు.

మరునాడు మధ్యాహ్నం నేను నోట్సు తీసుకుపోలేదు. చెప్పులు తొడిగి పక్కన కూర్చున్నాను. మబ్బు పట్టి ఉంది. అక్క గొంతు బాగా సన్నబడింది.

"అమ్మా, మా చెల్లె గిటు దిక్కు వచ్చిందా? చూసినరా?"

రోజూ అడిగే మాటే. రోజూ నేనే, నేనే అనే జవాబే నా నోట్లో ఉంది. దాన్ని మింగేశాను.

"చూసిన" అన్నాను.

ఆమె మొత్తం నా వైపు తిరిగింది. "ఏడ?"

"ఇల్లు చేరింది. మెదక్‌ల, మీ ఇంట్లనే ఉన్నది."

"నిజంగ చేరిందా? ఒక్కతే పోయిందా?"

"ఒక్కతే పోయింది. నేను చూసిన."

"కాళ్లు కడుక్కున్నదా?"

"కడుక్కున్నది."

"ఏడుస్తున్నదా?"

చెంగుతో కళ్లు తుడుచుకుని, "లేదు" అన్నాను.

"ఏడ్వదు. కోపం చేస్తది. అది గంతే" అని నవ్వింది. ఎన్నాళ్లకో చూసిన నవ్వు. "అన్నం తిన్నదా?"

"తిన్నది. మీకు గూడ పెట్టుమని పంపింది."

గిన్నెలో పెరుగన్నం మెదిపి తెచ్చాను. నోరు తెరిచింది. మూడు ముద్దలు తిన్నది, నాలుగోది సగం తిన్నది. నేను మూతి తుడిచాను. ఆ మూడు ముద్దలతో నాకు ఆశ పుట్టింది. అప్పుడు ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు.

"ఇగ మీరు గూడ ఇంటికి పోతరా అమ్మా?" అన్నాను.

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నేను చూశాను. మంచి గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఆలోచించినట్టు.

"చెల్లె చేరింది గదా" అంది. "ఇగ నాకేం పరేషాన్ లేదు. గింత దూరం మల్ల ఎప్పుడొస్తం? జర ముందట్కి పోయి అంత చూస్త. పడవ నడుపుమనుండ్రి."

పది రోజులుగా కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి.

అక్క నాతో మాట్లాడిన చివరి మధ్యాహ్నం అదే. చీకటి పడే దాకా ఆమె చెప్తూనే ఉంది. గులాబీ రంగు చేపలు పడవ వెంట వస్తున్నాయని, చెట్ల మీద ఎర్ర ముక్కుల పిట్టలున్నాయని, నీళ్లలో ఆకాశం మొత్తం కనపడుతోందని, ఏది ఏదో తెలియడం లేదని. పిల్లలు నా ముందు కూర్చున్నట్టు నేను ఆమె ముందు కూర్చొని ఊఁ కొట్టాను. వాటిలో సగం నేను ఎక్కడా చదవలేదు. మధ్యలో మాట ఆపి, నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"మీరు అటు పోతే మా చెల్లెకు చెప్పుండ్రి" అంది. "అది చెప్పిన దానికంటె మస్తు మంచిగున్నదని."

చెప్తానన్నాను.